ఒప్పందంలో నాలుగు పంక్తులు: తక్కువ క్లింకర్ కాంక్రీటు కోసం మెటీరియల్ పేజీ తిరగరాసిన డైరీ

ఫిబ్రవరి 3

నెల్లూరు చుట్టుపక్కల ఇళ్లు, దుకాణాల గదులు కట్టే ఏడుగురు కాంట్రాక్టర్లు చాలా ఏళ్లుగా ఒకే అచ్చు ఒప్పంద పత్రాన్ని వాడుతున్నారు. ఎవరో ఒకప్పుడు ఏదో పెద్ద పని టెండరు నుంచి ఎత్తి రాసుకున్న పత్రం అది. జెరాక్సు మీద జెరాక్సు తీయగా కొన్ని అక్షరాలు చెరిగిపోయాయి గానీ షరతులు మాత్రం చెక్కుచెదరలేదు. అందులోని మెటీరియల్ పేజీని ఇప్పటి ప్రమాణాలకు తగినట్టు, వీలైనంత తక్కువ క్లింకర్‌తో (సున్నపురాయిని కొలిమిలో కాల్చి చేసే, సిమెంటుకు మూలమైన పదార్థం) పని జరిగేటట్టు తిరగరాసి ఇమ్మని వాళ్లు నన్ను అడిగారు. నాకు ఊళ్లో చిన్న టెస్టింగ్ ల్యాబు ఉంది; బలం చూడటానికి కాంక్రీటు క్యూబులు పగలగొట్టడం, ఇసుక జల్లించడం, నీళ్లు పరీక్షించడం నా రోజువారీ పని. కొత్త పేజీని ముందుగా ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపల ఒక రైతు కట్టుకుంటున్న ఇంటి మీద వాడి చూడాలని నిర్ణయించుకున్నాం.

వాళ్లు ఇలా అడగడానికి పర్యావరణం, అంటే క్లింకర్ కాల్చేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్, ఒక్కటే కారణం కాదు. వాళ్లు సరుకు తెచ్చుకునే దుకాణాల్లో పీపీసీ, అంటే థర్మల్ కేంద్రాల బూడిద (ఫ్లైయాష్) కలిపిన సిమెంటు బస్తాలే ఎక్కువగా ఉంటాయి. పత్రంలో మాత్రం పీపీసీ పనికిరాదని రాసి ఉంది. అందువల్ల ప్రతి పనిలోనూ ఒప్పందం ఒకటి, వాడకం ఒకటి. ఇంటి యజమానికి కోపం వచ్చిన రోజున ఆ పంక్తి కాంట్రాక్టరు మెడకు చుట్టుకుంటుంది.

పేజీలో అసలు గొడవంతా నాలుగు పంక్తుల్లో ఉంది. వాటిని ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను (ఓపీసీ అంటే బూడిద కలపని మామూలు సిమెంటు). "సిమెంటు 53 గ్రేడు ఓపీసీ మాత్రమే వాడవలెను, పీపీసీ అనుమతించబడదు." "ఆర్‌సీసీ అంతయు 1:1½:3 పాళ్లలో ఉండవలెను." "7వ రోజున క్యూబు బలము మూడింట రెండు వంతులు రానియెడల బిల్లు నిలుపవచ్చును." "శ్లాబునకు 7 రోజులు నీరు పట్టవలెను."

ఫిబ్రవరి 9

వారం రోజులుగా ప్రమాణాలను వరసగా చదువుతున్నాను. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ తన ప్రమాణాలను (ఐఎస్ అంకెలన్నీ వాటివే) ఉచితంగా దించుకునే వీలు కల్పించింది గనుక, ఎవరో చెప్పగా విన్నామనే సాకు ఇక చెల్లదు.

దేశం ప్రమాణం చాలా ముందుకు వెళ్లిపోయింది, మా పేజీయే వెనకబడింది. ఫ్లైయాష్ కలిపిన పీపీసీకి ఐఎస్ 1489 మొదటి భాగం ఉంది. అందులో ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం వరకు ఉండవచ్చు. ఇనుము కొలిమి చిట్టెమైన స్లాగ్ కలిపిన సిమెంటు పీఎస్‌సీకి ఐఎస్ 455 ఉంది. స్లాగ్ 25 నుంచి 70 శాతం దాకా పోవచ్చు. ఈ రెండూ కలిసిన కాంపోజిట్ సిమెంటుకు 2015లో ఐఎస్ 16415 వచ్చింది. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిపే సిమెంటుకు 2023లో ఐఎస్ 18189 వచ్చింది. కాంక్రీటుకు మూలమైన ఐఎస్ 456, 2000 నాటి ప్రతి కూడా, కనీస సిమెంటు పరిమాణాన్ని లెక్కగట్టేటప్పుడు ఫ్లైయాష్‌నూ స్లాగ్‌నూ పై పరిమితుల మేరకు కలుపుకోవచ్చని స్పష్టంగా చెబుతోంది. అంటే జాతీయ ప్రమాణం అనుమతించిన దాన్నే ఈ జెరాక్సు కాగితం ఇంతకాలమూ నిషేధిస్తూ వచ్చింది.

పేజీ కఠినంగా ఉన్న చోట అనవసరంగా కఠినంగా ఉంది, మెత్తగా ఉన్న చోట ప్రమాదకరంగా మెత్తగా ఉంది. సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును ఐఎస్ 456 'తీవ్ర' తరగతిలో పెడుతుంది. ఆ తరగతికి కనీసం ఎం 30 గ్రేడు (28 రోజులకు 30 మెగాపాస్కల్స్ బలం), ఘనమీటరుకు 320 కిలోల సిమెంటు, 0.45కు మించని నీరు–సిమెంటు నిష్పత్తి, ఇనుముకు 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) ఉండాలి. 1:1½:3 వంటి సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు ఎం 20 వరకే చెల్లుతాయి. కాబట్టి ఇందుకూరుపేటలో ఆ పాళ్లతో కట్టిన ప్రతి శ్లాబూ, 53 గ్రేడు సిమెంటుతో కట్టినదే అయినా, ప్రమాణానికి దిగువనే ఉంది. తీరగ్రామాల్లో పదిహేనేళ్లకే శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు బయటపడటం చూసినవారికి ఈ మాట కొత్తగా అనిపించదు.

ఫిబ్రవరి 17

తక్కువ కార్బన్ అని ఊరికే రాస్తే చాలదు. దేని మీద, ఎంత తక్కువో ఒక లెక్క ఉండాలి. ఈరోజు ఆ లెక్క వేశాను.

క్లింకర్‌లో సుమారు 65 శాతం సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ ఉంటుంది. సున్నపురాయిని కాలిస్తే ప్రతి 56 పాళ్ల సున్నానికీ 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ ప్రకారం టన్ను క్లింకర్‌కు రాయి నుంచే దాదాపు 510 కిలోల వాయువు వెలువడుతుంది. కొలిమిని 1450 డిగ్రీల దాకా వేడిచేసే ఇంధనం పొగ దీనికి అదనం. మొత్తం 800 నుంచి 900 కిలోల మధ్య తేలుతుంది. ఇంధనాన్ని మార్చినా, గాలిమరల కరెంటు వాడినా ఆ 510 కిలోలు తగ్గవు. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా ఏడెనిమిది శాతం ఉండటానికీ, క్లింకర్‌ను తగ్గించడమే సూటి మార్గం కావడానికీ ఇదే కారణం.

అందుకే పేజీలో సిమెంటు కిలోలకు పక్కనే క్లింకర్ కిలోలు అనే గడిని చేర్చాను. పీపీసీ బస్తా మీద ఫ్లైయాష్ శాతం అచ్చువేయాలన్న నిబంధన ఉంది కాబట్టి ఈ గడి నింపడం కష్టమేమీ కాదు. బస్తా మీద 33 శాతమని ఉంటే, జిప్సమ్‌కు ఒక 5 శాతం తీసివేసి, క్లింకర్ 62 శాతమని రాసుకోవచ్చు.

ఫిబ్రవరి 26

స్థలం దగ్గర నీళ్లు తెచ్చి పరీక్షించాను. బోరు నీటిలో క్లోరైడు, అంటే ఇనుమును తుప్పుపట్టించే ఉప్పు, లీటరుకు 1180 మిల్లీగ్రాములు వచ్చింది. ఆర్‌సీసీకి ఐఎస్ 456 అనుమతించేది 500. చుట్టూ రొయ్యల గుంటలు, కొంచెం అవతల సముద్రం. ఆ బోరు తియ్యగా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. కాలువ నీరు ఇప్పుడు బాగానే ఉంది గానీ, శ్లాబు పడేనాటికి కాలువ కట్టేస్తారు. కలపడానికీ తడపడానికీ కూడా ట్యాంకరు నీళ్లే గతి. ఈ సంగతి ఈరోజు మామూలుగా రాసి పక్కన పెడుతున్నాను గానీ, చివరకు అంతా దీని చుట్టూనే తిరుగుతుందేమో అనే అనుమానం లేకపోలేదు.

మార్చి 4

సరుకు సేకరణ. ఓపీసీ 53, పీపీసీ దుకాణం నుంచి. స్లాగ్ పొడి ఒక రెడీమిక్స్ ప్లాంటు నుంచి. ఫ్లైయాష్ పెన్న అవతల నుంచి. ముత్తుకూరు మండలం నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. ఇంత దగ్గర ఇంత బూడిద పెట్టుకుని, ఒప్పందంలో బూడిద సిమెంటు వద్దని రాసుకోవడం మనకే చెల్లింది.

కాల్చిన బంకమన్ను సిమెంటు కోసం నాలుగు దుకాణాలు తిరిగాను, దొరకలేదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం, క్యూబా పరిశోధకులు, ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు కలిసి అభివృద్ధి చేసిన ఈ సిమెంటులో క్లింకర్ దాదాపు సగమే. సుమారు 30 శాతం కాల్చిన మన్ను, 15 శాతం సున్నపురాయి పొడి, మిగతాది జిప్సమ్. మన్ను కాలడానికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు. ఆ సంగతి మా మేస్త్రికి చెబితే, "మా తాత గానుగ సున్నంలో ఇటికపొడి కలిపేవాడు సార్, అదే గదా ఇది" అన్నాడు. నిజానికి అదే. ఇటుకపొడిలోని కాలిన మన్ను సున్నంతో కలిసి గట్టిపడే గుణమే ఇందులోనూ పనిచేస్తుంది. కాల్చిన మన్నుకు ఐఎస్ 1344, దాంతో చేసే పీపీసీకి ఐఎస్ 1489 రెండో భాగం ఎప్పటినుంచో ఉన్నాయి. దుకాణానికి వచ్చిన రోజున అడ్డు లేకుండా ఐఎస్ 18189 సంఖ్యను అనుమతించిన సిమెంట్లలో ఇప్పుడే రాసిపెట్టాను.

ఊక బూడిద మీద నాకు మొదటినుంచీ మనసుంది. వరికి పేరుమోసిన జిల్లాలో, మిల్లు మిల్లుకూ గుట్టలు పడి ఉన్న ఊక బూడిదను కాంక్రీటులో వాడగలిగితే అంతకంటే ఏం కావాలి? ఐఎస్ 456 కూడా దాన్ని పేరుపెట్టి ప్రస్తావించింది. అయితే ఆశించిన పనితనం, నిలకడ రెండూ చూపాలంది. ఒకే మిల్లు నుంచి పది రోజుల తేడాతో రెండు సంచులు తెచ్చాను. ఒకటి బూడిదరంగు, ఇంకోటి కాటుక. ఊక ఒక హద్దులో, సుమారు 700 డిగ్రీలు మించకుండా, పూర్తిగా కాలితేనే అందులోని సిలికా చురుకుగా ఉంటుంది. బాయిలరుకు ఆవిరి కావాలి గానీ సిలికా అక్కరలేదు. నల్ల సంచి బూడిదను కొలిమిలో కాల్చి చూస్తే బరువు 14 శాతం తగ్గింది. ఫ్లైయాష్‌కైతే ఈ తగ్గుదల 5 శాతం మించకూడదు. కలిపి చూసిన కాంక్రీటు నీళ్లన్నీ పీల్చుకుని ముద్దకట్టింది. మనసు చంపుకుని ఊక బూడిదను పేజీ నుంచి తీసేశాను.

మార్చి 12

ట్రయల్ మిక్స్‌లు పోశాం. ఎం 30 కి ఐఎస్ 10262 ప్రకారం ల్యాబులో చేరవలసిన సగటు బలం 38.25 మెగాపాస్కల్స్. 20 మిల్లీమీటర్ల కంకరకు, 100 మిల్లీమీటర్ల స్లంపుకు (పచ్చి కాంక్రీటు ఎంత జారుతుందో చెప్పే కొలత) ఘనమీటరుకు దాదాపు 197 లీటర్ల నీరు కావాలి. తక్కువ నీటితోనే కాంక్రీటు జారేలా చేసే ప్లాస్టిసైజర్ మందు కలిపి దాన్ని 160 లోపలికి దించాను. ఆ మందు లేకుండా 0.45 నిష్పత్తి మేస్త్రుల చేతిలో బతకదు. పార దిగడం లేదనిపించగానే ఎవరో ఒకరు బొచ్చెడు నీళ్లు పోస్తారు, అక్కడితో నా లెక్కలన్నీ తీరిపోతాయి.

నాలుగు మిశ్రమాలు పోశాం. మొదటిది ఓపీసీ 360 కిలోలు. రెండోది పీపీసీ 375. మూడోది ఓపీసీ 260, ఫ్లైయాష్ 110. నాలుగోది ఓపీసీ 185, స్లాగ్ 185. రోబో ఇసుక అన్నింటికీ ఒకటే. ప్రతి మిశ్రమం నుంచీ 7, 28, 56 రోజులకు మూడేసి క్యూబులు తీశాం. ఇవిగాక మొదటి రెండింటి నుంచి ఇంకో మూడేసి క్యూబులను మూడు రోజులే నీళ్లలో ఉంచి, ఆ తర్వాత మేడ మీద రేకుల కింద వదిలేయాలని అనుకున్నాం. సైటులో శ్లాబుకు నిజంగా జరిగేది అదే కనుక.

మార్చి 19

ఏడో రోజు. ఓపీసీ 31.0, పీపీసీ 22.4, ఫ్లైయాష్ మిశ్రమం 20.6, స్లాగ్ మిశ్రమం 19.8.

పాత పేజీ ప్రకారం ఎం 30 లో మూడింట రెండు వంతులంటే 20. స్లాగ్ మిశ్రమానికి బిల్లు ఆగిపోయినట్టే. క్యూబులు పగలగొడుతుంటే చూడవచ్చిన ఒక కాంట్రాక్టరు ఓపీసీ అంకె చూసి, "ఇంక వెతకడమెందుకు సార్, గుర్రం ఇదే గదా" అన్నారు. ఆయనను తప్పుపట్టలేను. ఏడో రోజు పందెంలో ఓపీసీయే గెలుస్తుంది. మా పేజీ ఇంతకాలమూ పెట్టింది ఆ పందెమే.

ఏప్రిల్ 9

ఇరవై ఎనిమిదో రోజు. ఓపీసీ 43.2, పీపీసీ 37.1, ఫ్లైయాష్ మిశ్రమం 38.4, స్లాగ్ మిశ్రమం 40.2. మూడు వారాల క్రితం చివర నిలిచినది రెండో స్థానానికి వచ్చింది. పీపీసీ నా లక్ష్యానికి ఒకింత తక్కువైంది. నీటిని ఇంకో ఐదు లీటర్లు తగ్గించి మళ్లీ పోస్తాను.

అసలు విషయం మేడ మీది క్యూబుల్లో తేలింది. మూడు రోజులే తడిసిన ఓపీసీ క్యూబులు 36.5 ఇచ్చాయి, అంటే దాదాపు ఆరో వంతు నష్టం. మూడు రోజులే తడిసిన పీపీసీ క్యూబులు 26.3 దగ్గర ఆగిపోయాయి. నష్టం మూడో వంతుకు కొంచెమే తక్కువ. ఒకే బస్తా, ఒకే మిల్లరు, ఒకే చేయి. తేడా నీళ్లది ఒక్కటే.

కారణం రసాయనంలోనే ఉంది. క్లింకర్ నీటితో కలిసి గట్టి పదార్థాన్నీ, దాంతోపాటు కొంత విడి సున్నాన్నీ ఇస్తుంది. ఫ్లైయాష్‌కు సొంతంగా గట్టిపడే శక్తి లేదు. అది ఆ విడి సున్నంతో, తడి ఉన్నంతకాలం, నెమ్మదిగా కలిసి బలమవుతుంది. తడి ఆరిన రోజున ఆ పని ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది, మిగిలిన బూడిద కాంక్రీటులో ఉత్త మట్టిపొడిలా పడి ఉంటుంది. అందుకే ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంట్లకు 10 రోజులు తడపాలంటుంది. పొడి, వేడి వాతావరణంలో అవి 10, 14 రోజులవుతాయి. "బూడిద సిమెంటు బలముండదు" అనే మాట మన ఊళ్లలో అబద్ధంగా పుట్టలేదు. ఓపీసీ అలవాటుతో తడిపిన పీపీసీ శ్లాబులను చూసి, చూసినదే జనం చెప్పుకున్నారు. సిమెంటు పంక్తిని మార్చి నీళ్ల పంక్తిని అలాగే వదిలేస్తే నేనూ ఆ మాటకు సాక్ష్యం పోగుచేసినవాణ్ని అవుతాను.

ఏప్రిల్ 20

ఏడుగురితో సమావేశం. సిమెంటు పంక్తికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పూతపనికీ గోడలకూ పీపీసీ మాట ఎత్తగానే మేస్త్రులే ముందుగా తలూపారు. పీపీసీ మాలు తాపీకి మెత్తగా జారుతుందనీ, 53 గ్రేడుతో చేసిన పూత వెంట్రుకవాసి బీటలిస్తుందనీ వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఇంటికి వాడే సిమెంటులో గోడలకూ పూతకూ పోయేది తక్కువేమీ కాదు, అక్కడ 53 గ్రేడు బలంతో పనే లేదు. ఈ ఒక్క అంశం ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

గొడవ సెంట్రింగ్ దగ్గర వచ్చింది. ఆనుల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న శ్లాబుకు ఓపీసీతో ఏడు రోజులకు పోట్లు (శ్లాబును కింద నుంచి నిలిపే గుంజలు) తీయవచ్చని ఐఎస్ 456 చెబుతుంది. వేరే సిమెంట్లకు ఆ గడువును తగినట్టు మార్చుకోవాలంటుంది గానీ ఎన్ని రోజులో చెప్పదు. సెంట్రింగ్ సామాను అద్దె రోజు లెక్క. నాలుగు రోజులు ఎక్కువ ఆగితే ఆ నాలుగు రోజుల డబ్బు కాంట్రాక్టరు జేబులోంచే పోతుంది, పైగా తర్వాతి ఇంటి ముహూర్తం ముంచుకొస్తుంది. "కార్బను తగ్గితే లోకానికి మేలు, సెంట్రింగ్ ఆగితే నాకు నష్టం, రెండూ ఒకే కాగితంలో ఎట్లా రాస్తావన్నా?" అని వారిలో పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

రాత్రి ఇంటికి వచ్చాక అదే ప్రమాణాన్ని మళ్లీ తిరగేస్తే దారి దొరికింది. అచ్చు, అంటే సెంట్రింగ్, విప్పే సమయానికి కాంక్రీటు మీద పడబోయే ఒత్తిడికి కనీసం రెట్టింపు బలం వచ్చి ఉండాలన్నది అందులోని మూలసూత్రం. రోజుల పట్టిక దాని తర్వాతే వస్తుంది. కాబట్టి కొత్త పంక్తిలో రోజులను రాయకుండా బలాన్నే రాశాను. శ్లాబుతోపాటు మూడు క్యూబులు పోసి, వాటిని ల్యాబు తొట్టిలో పెట్టకుండా శ్లాబు మీదే, శ్లాబు తాగే నీళ్లతోనే ఉంచాలి. అవి 20 మెగాపాస్కల్స్ చూపిన రోజున పోట్లు తీయవచ్చు. ఎండాకాలంలో అది ఎనిమిదో రోజే కావచ్చు, వానాకాలంలో పన్నెండో రోజు కావచ్చు. బాగా తడిపిన వాడికి అద్దె తగ్గుతుంది.

మే 7

యాభై ఆరో రోజు. ఓపీసీ 45.0, పీపీసీ 44.3, ఫ్లైయాష్ మిశ్రమం 46.1, స్లాగ్ మిశ్రమం 46.8. మార్చిలో బిల్లు ఆగవలసిన మిశ్రమమే ఇప్పుడు అన్నింటికంటే పైన ఉంది.

తీరానికి బలం కంటే ముఖ్యమైనది ఉప్పు చొరబడకపోవడం. నాలుగింటి నుంచీ 50 మిల్లీమీటర్ల మందం బిళ్లలు కోసి, 60 వోల్టుల కరెంటు కింద ఆరు గంటలు పెట్టి, ఎన్ని కూలూంబుల విద్యుత్తు దాటిందో చూశాం; తక్కువ దాటితే ఉప్పు చొరబాటు తక్కువని అర్థం. ఓపీసీ 3350, పీపీసీ 1480, ఫ్లైయాష్ మిశ్రమం 1310, స్లాగ్ మిశ్రమం 940. 2000 నుంచి 4000 వరకు మధ్యస్థమనీ, 1000 నుంచి 2000 వరకు తక్కువనీ, అంతకు దిగువన బాగా తక్కువనీ ఈ పరీక్షలో లెక్క. క్లింకర్ తగ్గిన కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం కొంత త్వరగా లొంగుతుందన్న సంగతి మరచిపోకూడదు; అందుకే 45 మిల్లీమీటర్ల కవరును రాయి బిళ్లలతో కాక కొలిచి పోసిన కవరు బ్లాకులతోనే ఉంచాలని ఒక వాక్యం చేర్చాను. సైటులో చేతికి దొరికిన కంకర రాయిని చువ్వ కింద తోసి ముగించే అలవాటు మీద నాకు పాత కోపం ఉంది.

బిల్లు పంక్తిని ఇలా మార్చాను: "మిశ్రమ సిమెంటు వాడినచో 7వ రోజు ఫలితము సమాచారము కొరకు మాత్రమే, అంగీకారము 28వ రోజు ఫలితముపై ఉండును, 28వ రోజు ఫలితము సందేహాస్పదమైనచో 56వ రోజు క్యూబులు పరీక్షించిన పిమ్మటనే నిర్ణయము తీసుకొనవలెను." భాష పాతదే ఉంచాను. ఒప్పందం ఒప్పందంలా ఉంటేనే సంతకం పెడతామని వాళ్లు చెప్పారు.

మే 27

శ్లాబు పడింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తెలోనే ముహూర్తం కుదిరింది. వేడి వాతావరణంలో పోసేటప్పుడు కాంక్రీటు 40 డిగ్రీలు దాటకూడదని ఐఎస్ 7861 చెబుతుంది. కంకర గుట్టకు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు చల్లి, గోనెపట్టాలు కప్పి, తెల్లవారుజామున నాలుగు గంటలకు మిల్లరు తిప్పాం. మొదటి తడవలో 31 డిగ్రీలు, ఎనిమిదిన్నరకు చివరి తడవలో 36. మొత్తం 18 ఘనమీటర్లు, పీపీసీ 135 బస్తాలు.

ఓపీసీ మిశ్రమంలో ఘనమీటరుకు 342 కిలోల క్లింకర్ పడేది, ఇందులో 232 కిలోలు. శ్లాబు మొత్తం మీద దాదాపు 1980 కిలోల క్లింకర్ తగ్గింది; కార్బన్ డయాక్సైడ్ లెక్కలో ఒకటిన్నర టన్నులకు పైనే.

తొమ్మిది గంటలకు ఒక పొరపాటు జరిగింది. ఒక మూల తాపీ పని ముగియకముందే పైతడి ఆరిపోయి, గీతలుగా బీటలు కనిపించాయి. మేస్త్రి సిమెంటు నీళ్లు పోసి రుద్దబోతే ఆపి, చెక్కతో మళ్లీ కొట్టించి, వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పించాను. తప్పు నాదే. ముందుగా పోసిన మూల మీద పట్టా కప్పమని నేను చెప్పి ఉండాలి.

సాయంత్రం మళ్లు కట్టి నీళ్లు నిలిపాం. 102 చదరపు మీటర్ల మీద ఐదు సెంటీమీటర్ల నీరంటే ఒక 5,000 లీటర్ల ట్యాంకరు. ఈ ఎండకు రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఆవిరవుతుంది గనుక, పద్నాలుగు రోజులకు ఇంకో రెండు ట్యాంకర్లు. కారిపోయేది కలుపుకుంటే నాలుగు.

జూన్ 2

ఉదయం చెప్పకుండా వెళ్లాను. మళ్లలో నీళ్లున్నాయి, చేతికి తగిలితే జిగటగా అనిపించాయి. సీసాలో పట్టి తెచ్చి పరీక్షిస్తే క్లోరైడు 900 దాటింది. ట్యాంకరుకు డబ్బెవరు పెట్టాలన్న మాట తేలక, రెండు రోజులుగా కుర్రాడు బోరు మోటారు వేసి నింపుతున్నాడు. ఇంటాయన అనుకున్నది కాంట్రాక్టరు తెప్పిస్తాడని, కాంట్రాక్టరు అనుకున్నది నీళ్లు యజమాని బాధ్యత అని. పేజీలో "నీరు పట్టవలెను" అని ఉంది గానీ, ఏ నీరు, ఎవరి ఖర్చు అని లేదు. ఉప్పునీటిని తీసేయించి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగించి, మళ్లీ నింపించాం. ఆ ట్యాంకరుకు నేనే డబ్బు ఇచ్చాను.

జూన్ 5

శ్లాబు మీది క్యూబులు తొమ్మిదో రోజున 21.7 ఇచ్చాయి. పోట్లు తీయవచ్చని రాసి సంతకం పెట్టాను. తడపడం మాత్రం పదో తేదీ దాకా ఆగదు.

జూన్ 24

సైటు క్యూబుల 28 రోజుల సగటు 36.9. ఎం 30 కి చాలు. ముగ్గురు కాంట్రాక్టర్లు ఈ లోపలే కొత్త పేజీని వాడటం మొదలుపెట్టారని తెలిసింది.

బీఐఎస్ ముసాయిదాల మీద ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. రెండు సూచనలు రాసి పెట్టుకున్నాను. మిశ్రమ సిమెంట్లకు 56 రోజుల అంగీకారాన్ని డిజైనరు ఎంచుకునే వీలు సూటిగా ఉండాలన్నది ఒకటి. అచ్చు విప్పే రోజుల పట్టికలో మిశ్రమ సిమెంట్లకు సొంత వరుస ఉండాలన్నది రెండోది. ఐరోపాలో 2021లో వచ్చిన ఈఎన్ 197-5 ప్రమాణం ప్రకారం సిమెంటులో క్లింకర్ వాటా 35 శాతానికి దిగవచ్చు. ఆ దారిలో మనమూ వెళ్లేకొద్దీ ఈ పట్టిక కొరత ఇంకా పెద్దదవుతుంది.

జూలై 22

సైటు క్యూబులు 56 రోజులకు 42.8.

ఈ సాయంత్రం ఏడుగురూ కూర్చున్నారు. ఐదుగురు మొత్తం పేజీకి సంతకం పెట్టారు. ఇద్దరు నీళ్ల పంక్తి మీద పేచీ పెట్టి, వచ్చే నెల చూద్దామన్నారు. ఆ పంక్తి ఇప్పుడు మెటీరియల్ పేజీలో లేదు; దాన్ని అక్కడి నుంచి తీసి, కంకర, ఇనుము, సెంట్రింగ్ లాగే ధర ఉన్న పనిగా రేట్ల పట్టికలోకి మార్చాను. పద్నాలుగో అంశం: "శ్లాబునకు 14 దినములు మళ్లు కట్టి మంచినీరు నిలుపుట, క్లోరైడు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదు, 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటింటికి ధర." రూపాయల గడి ఖాళీగా ఉంది. ఆ అంకె ఏ ఊరికాఊరు, ఏ కాలానికాకాలం నింపుకోవలసిందే.